గడప దగ్గర ఆగవలసిన అధికారం

గత శీతాకాలంలో ఒక రాత్రి మా మదరసా వసతిగృహంలో జరిగిన చిన్న సంఘటన ఇది. అప్పటికి పన్నెండు దాటింది. నీళ్ల మోటారు ఆపడం మరచిపోయామని చెప్పడానికి పొరుగింటాయన వచ్చి బయటి రేకు తలుపు గట్టిగా తట్టాడు. నేను లేచి వెళ్లి మోటారు ఆపి తిరిగి వస్తూ పిల్లలు పడుకునే గదిలోకి తొంగి చూశాను. ముప్పై మంది పిల్లలు గాఢనిద్రలో ఉన్నారు. హిఫ్జ్ తరగతిలో కొత్తగా చేరిన పదకొండేళ్ల బాలుడొక్కడు మాత్రం లేచి, చొక్కా తొడుక్కొని, గుండీలన్నీ పెట్టుకొని, గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఏమయిందని అడిగితే జవాబు లేదు. పడుకోమంటే పడుకున్నాడు గాని చొక్కా విప్పలేదు.

మరునాడు అస్ర్ నమాజు తరువాత వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని అడిగాను. ఇంట్లో రాత్రివేళ తలుపు చప్పుడయితే అందరూ లేచి, బట్టలు సరిచేసుకొని నిలబడాలని అమ్మ నేర్పిందట. వచ్చినవాళ్లు అబ్బాను బయటికి పిలుస్తారట. ఒక్కోసారి లోపలికి వచ్చి మంచాల మీద టార్చి వేసి చూస్తారట. పోలీసులని వాడు అనలేదు. ‘వాళ్లు’ అన్నాడు, అంతే.

శుక్రవారం కుమారుణ్ణి చూడడానికి తండ్రి వచ్చాడు. లారీల బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని చేసే మనిషి. నేను అడగకుండా ఉండవలసింది, కాని అడిగాను. పద్దెనిమిదేళ్ల క్రితం ఏదో ఇనుప సామాను దొంగతనం జరిగినప్పుడు షెడ్డులో పనిచేసే నలుగురినీ ఠాణాకు తీసుకువెళ్లారు. రెండు రోజులు కూర్చోబెట్టారు. ఆయన మీద ఛార్జిషీటు వేయలేదు. ఆయన ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. అయినా ఆ ఠాణాలో ఆయన పేరుతో ఒక షీటు తెరిచారు. నాటి నుంచి పండుగలకు ముందు, ఎన్నికలకు ముందు, ఊళ్లో ఎక్కడ తాళం పగిలినా, రాత్రి ఆ ఇంటి తలుపు చప్పుడవుతుంది.

“నేను ఆ తప్పు చేసి ఉంటే శిక్ష ఎప్పుడో ముగిసిపోయేది, హజ్రత్! చేయలేదు గనుకనే ముగియడం లేదు” అన్నాడాయన.

ఏమని సమాధానం చెప్పను? “సబర్ చెయ్యి భాయ్” అన్నాను. అన్న మరుక్షణమే ఆ మాట నాకే చప్పగా వినిపించింది. సహనం మనిషి అల్లాహ్‌కు చెల్లించవలసిన బాకీ. అధికారుల బాకీని దాని ఖాతాలో రాయడం న్యాయం కాదు.

మా మసీదుకు నమాజుకు వచ్చే న్యాయవాది ఒకరున్నారు. ఈ సంగతి చెబితే ఆయన నవ్వి, “మౌలానా సాబ్, ఇది అరవై ఏళ్ల నాటి ఖరక్ సింగ్ కేసే” అన్నారు. మరుసటి వారం ఆ తీర్పు ప్రతిని తెచ్చి ఇచ్చారు. నా చదువంతా అరబీలోను, ఉర్దూలోను సాగింది. ఆ ఇంగ్లీషు తీర్పును ఆయన సహాయంతో, నిఘంటువు పక్కన పెట్టుకొని, దాదాపు నెల రోజులు చదివాను. చదువుతున్నంతసేపూ ఆ వెల్డింగు మనిషి కథే చదువుతున్నట్లు అనిపించింది.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో ఒక బందిపోటు కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలిపెట్టారు. అయితే పోలీసులు ఆయన పేరుతో ‘హిస్టరీ షీటు’ తెరచి, ఆయనను నిఘా జాబితాలో చేర్చారు. నాటి ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనలలో 236వ నిబంధన ఈ నిఘా ఎలా సాగాలో వివరిస్తుంది. ఇంటి వద్ద, ఇంటికి వచ్చే దారుల వద్ద రహస్యంగా మాటు వేయడం, రాత్రివేళ ఇంటికి వెళ్లి చూడడం, అలవాట్లను, ఆదాయాన్ని, ఖర్చులను, స్నేహితులను గురించి వాకబు చేయడం, రాకపోకలను కానిస్టేబుళ్లు, గ్రామ చౌకీదార్లు పైవారికి తెలియజేయడం, ఇదంతా షీటులో ఎక్కించడం. చౌకీదారు, కానిస్టేబుళ్లు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి కేకలు వేసేవారనీ, లోపలికి ప్రవేశించేవారనీ, నిద్ర లేపి ఠాణాకు రమ్మనేవారనీ, ఊరు విడిచి వెళితే ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ చెప్పి వెళ్లమనేవారనీ ఖరక్ సింగ్ ఫిర్యాదు. ఇది తన ప్రాథమిక హక్కులకు భంగమని ఆయన నేరుగా సుప్రీంకోర్టునే ఆశ్రయించారు.

ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పింది. రాత్రివేళ ఇంట్లోకి ప్రవేశించే అధికారాన్ని ఆరుగురూ కొట్టివేశారు. ఆ నిబంధనలు శాసనసభ చేసిన చట్టం కావనీ, కేవలం శాఖాపరమైన ఆదేశాలనీ, రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రకారం వ్యక్తి స్వేచ్ఛను తగ్గించాలంటే చట్టం ఉండి తీరాలనీ మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. నిద్రపోయే మనిషికి ఆ నిద్ర కూడా ఆయన స్వేచ్ఛలో భాగమేనని గుర్తించిన తీర్పు అది. కాని మిగిలిన నిఘానంతటినీ నలుగురు న్యాయమూర్తులు అలాగే ఉంచేశారు. ఏకాంతం, అంటే గోప్యత, మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని కూడా వారు రాశారు. ఆ ఒక్క వాక్యం ఆ తరువాత యాభై నాలుగేళ్లకు పైగా ప్రభుత్వ న్యాయవాదుల చేతిలో డాలుగా పనిచేసింది.

మిగిలిన ఇద్దరూ వేరు అభిప్రాయం రాశారు. వారిలో కలం పట్టినవారు మన తెలుగువారు, రాజమండ్రిలో 1902లో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దాని ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తరువాత హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, 1966లో భారతదేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రెండవ వ్యక్తి జస్టిస్ జె. సి. షా.

సుబ్బారావుగారి తర్కాన్ని నా మాటల్లో చెబుతాను. మనిషి కాళ్లకు సంకెళ్లు లేవు కాబట్టి అతడు స్వేచ్ఛగా తిరుగుతున్నాడని మెజారిటీ వాదన. పోలీసు చూపు వెన్నంటి వస్తుండగా సాగే నడక స్వేచ్ఛా సంచారం ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. అట్టి మనిషికి చెరసాల గోడలు తొలగలేదు, దేశపు ఎల్లల దాకా జరిగాయి, అంతే. భయం మనసులో వేసే కట్టు శరీరానికి వేసే కట్టుకన్నా తక్కువది కాదని ఆయన స్పష్టంగా గుర్తించారు. రాజ్యాంగంలో ఏకాంతం అన్న మాట విడిగా లేకపోయినా, అది వ్యక్తి స్వేచ్ఛకు ప్రాణం వంటిదని చెప్పి, 236వ నిబంధన మొత్తాన్ని రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఇది చదివినప్పుడు గోడకు వీపు ఆనించి నిలబడిన పిల్లవాడు నా కళ్ల ముందుకు వచ్చాడు. వాడి ఒంటి మీద ఎవరూ చేయి వేయలేదు. చొక్కా గుండీలు మాత్రం రాత్రంతా పెట్టుకునే ఉన్నాడు.

ఇంతవరకు చదివి మా పాత కితాబుల వైపు తిరిగాను. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న పుటలే అవి. అయినా ఈసారి వేరే వెలుగులో కనిపించాయి.

అన్‌నూర్ సూరా 27, 28 ఆయతులు పరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా, సలాము చెప్పకుండా ప్రవేశించవద్దని, తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లమని ఆదేశిస్తాయి. దీనిని మనం సాధారణంగా పిల్లలకు మర్యాదల పాఠంగా చెబుతాం. కాని దైవప్రవక్త (స) మదీనాలో ప్రవక్త మాత్రమే కాదు, పాలకులు కూడా. ఆయన ఒకసారి హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఇంటికి వెళ్లి బయట నిలబడి సలాము చెప్పారు. ప్రవక్త నోటి సలాము మరికొన్నిసార్లు తన ఇంటి మీద పడాలన్న ఆశతో సఅద్ (రజి) వినిపించనంత మెల్లగా జవాబిచ్చారు. మూడుసార్లు సలాము చెప్పి, జవాబు వినబడక, ప్రవక్త (స) వెనుదిరిగారు. సఅద్ (రజి) పరుగున వెళ్లి సంగతి చెప్పి తీసుకువచ్చారు. అబూ దావూద్ గ్రంథంలోని హదీసు ఇది. తలుపు వెనుక ఉన్నది తన ప్రియ సహచరుడే. తలుపు ముందు ఉన్నది మదీనా పాలకులు. అయినా మూడవ సలాము తరువాత నాలుగవది లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) రాత్రిపూట మదీనాలో గస్తీ తిరిగేవారన్నది అందరికీ తెలిసిందే. ఒక ఇంట్లో నుంచి పాట వినబడితే గోడ ఎక్కి లోపలికి దిగి, మద్యంతో పట్టుబడిన మనిషిని గద్దించిన ఉదంతం మన ఉపన్యాసాలలో తరచుగా వినిపిస్తుంది. ఇమాం గజాలీ (రహ్మ) కూడా తమ ‘ఇహ్యా’లో దానిని పేర్కొన్నారు. తాను చేసింది ఒక్క పాపమేననీ, ఖలీఫా మాత్రం మూడు దైవాజ్ఞలను మీరారనీ ఆ మనిషి ఎదురు చెప్పాడు. కూపీ తీయవద్దన్న ఆజ్ఞ, ఇళ్లలోకి తలుపుల గుండానే రమ్మన్న ఆజ్ఞ, అనుమతి లేకుండా ప్రవేశించవద్దన్న ఆజ్ఞ. ఖలీఫా అతణ్ణి విడిచిపెట్టి వెళ్లిపోయారు.

నాకు ఇంతకన్నా ఎక్కువగా మనసుకు పట్టేది ఇమాం అబ్దుర్రజ్జాక్ తమ ‘ముసన్నఫ్’లో నమోదు చేసిన మరో ఉదంతం. అందులో గోడ దూకడం లేదు. ఖలీఫా వెంట హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఉన్నారు. ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది, తలుపు మూసి ఉంది, లోపల గొంతులు బిగ్గరగా వినబడుతున్నాయి. అది రబీఆ బిన్ ఉమయ్యా ఇల్లనీ, లోపల మద్యం సాగుతోందనీ, ఏం చేద్దామనీ ఖలీఫా అడిగారు. మనమే అల్లాహ్ నిషేధించిన పని చేస్తున్నామని, అల్‌హుజురాత్ సూరాలో ఆయన కూపీలు తీయడాన్ని వారించాడని అబ్దుర్రహ్మాన్ (రజి) గుర్తుచేశారు. ఖలీఫా వెనుదిరిగారు. ఈ ఉదంతంలో ఇంట్లోవాళ్లకు తమ గుమ్మం ముందు ఏం జరిగిందో తెలియనే తెలియదు. నేరం జరుగుతోందని దాదాపు నిశ్చయంగా తెలిసిన పాలకుడు, ఎవరూ చూడని చీకటిలో, పక్కనున్నవాడి ఒక్క మాటకు ఆగిపోయాడు. అధికారానికి హద్దు అంటే ఇదే. పుణ్యాత్ముడి గుమ్మం దగ్గర ఆగడానికి హద్దులతో పనేముంది?

అయితే మన ధర్మవేత్తలు అమాయకులు కారు. బాగ్దాదులో 1058లో పరమపదించిన ఖాజీ మావర్దీ (రహ్మ) తమ ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్య’లో ముహ్తసిబ్ అధికారాల గురించి ఒక అధ్యాయం రాశారు. బజారులో తూకాలు, కొలతలు, బహిరంగ ప్రవర్తన చూసే అధికారి ముహ్తసిబ్. బయటపడని నిషిద్ధ కార్యాలను వెదికి బయటపెట్టే హక్కు అతడికి లేదు. ఇంట్లో నుంచి నిషిద్ధమైన చప్పుళ్లు వినబడితే బయట నిలబడి మందలించాలి, లోపలికి చొరబడరాదు. దీనికి మావర్దీ ఒక మినహాయింపు ఇచ్చారు. ఒక మనిషి మరొకణ్ణి చంపడానికి చాటుకు తీసుకువెళ్లాడని నమ్మదగినవాడు వచ్చి చెబితే అక్కడ ఆగనక్కరలేదు, ఆలస్యమైతే పోయే ప్రాణం తిరిగి రాదు కాబట్టి. ఇమాం గజాలీ (రహ్మ) ఇంకా సూక్ష్మంలోకి వెళ్లారు. దుర్వర్తనుడని పేరుపడ్డవాడు తన దుస్తుల అంచు కింద ఏదో దాచుకొని పోతున్నా, ప్రత్యేకమైన ఆనవాలు కనబడనంతవరకు దానిని తెరచి చూడరాదన్నారు. చెడ్డపేరు ఒక్కటే తనిఖీకి కారణం కాదన్నమాట. వాసన బయటికి వస్తే అది వేరు సంగతి. ఠాణాలలో షీట్లు తెరిచే అధికారులకు ఈ ఒక్క పుట అనువదించి ఇవ్వాలని నాకు చాలాసార్లు అనిపించింది.

కాని ఈ పుటను నేనే మరచిపోయిన రోజు ఒకటుంది. పాఠకుల ముందు దానిని దాచి పోలీసులను మాత్రం విమర్శించడం నాకు తగదు.

పన్నెండేళ్ల కిందటి మాట. కార్యాలయంలో ఐదు వందల రూపాయలు కనబడలేదు. అంతకు ముందు ఏడాది ఇంకో మదరసాలో ఏదో గొడవపడి మా దగ్గరికి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్లవాడొకడుండేవాడు. అనుమానం నేరుగా వాడి మీదికే వెళ్లింది. ఎవరూ వాణ్ణి చూడలేదు, ఎవరూ చెప్పలేదు. వాడి పాత కథే నాకు సాక్ష్యమయింది. తరగతి అందరి ముందు వాడి రేకు పెట్టె తెప్పించి, తాళం తీయించి, సామాను ఒక్కొక్కటే బయట పెట్టించాను. డబ్బు లేదు. బట్టల అడుగున మడత పెట్టిన ప్లాస్టిక్ గుడ్డ, మందుల పొట్లం, డాక్టరు చీటీ ఉన్నాయి. వాడికి నిద్రలో పక్క తడిసే జబ్బు ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున అందరికన్నా ముందు లేచి ఆ గుడ్డ ఉతుక్కునేవాడట. ఆ రోజు ముప్పై మందికి తెలిసింది. రెండు రోజుల తరువాత ఆ నోటు హాజరు పట్టీ పుటల మధ్య దొరికింది. నేను అందరి ముందు క్షమాపణ చెప్పాను. కాని అప్పటికి వాడి తండ్రి వచ్చి వాణ్ణి తీసుకువెళ్లాడు. తిరిగి రాలేదు. రెండుసార్లు వాళ్ల ఊరు వెళ్లాను, ఇంట్లోవారు టీ ఇచ్చి పంపారు, పిల్లవాడు బయటికి రాలేదు.

అందువల్ల ‘తప్పు చేయనివాడికి భయమెందుకు?’ అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ రేకు పెట్టె గుర్తుకు వస్తుంది. ఆ పిల్లవాడు తప్పు చేయలేదు. దాచుకోవలసినది మాత్రం ఉంది. దాచుకోవలసినదల్లా నేరం కాదు. రోగం ఉంటుంది, పేదరికం ఉంటుంది, ఆడపిల్ల పెళ్లి సంబంధం తప్పిపోయిన సంగతి ఉంటుంది. గోడలు నేరస్తుల కోసం పుట్టలేదు.

పోలీసుల పని తేలిక అని నేను అనడం లేదు. మా వీధిలోనే ఒక వృద్ధురాలి గొలుసు తెంపుకొని పోయినవాళ్లను కూడలిలోని కెమెరా వల్ల మూడు రోజుల్లో పట్టుకున్నారు. ఆమెతోపాటు మేమందరం దువా చేశాం. వీధిని చూసే కన్ను వేరు, ఇంట్లోకి దిగే కాలు వేరు అన్నది నా మాట. వీధిని చూసే కన్ను కూడా ఎవరిని, ఎందుకు, ఎన్నాళ్లు చూస్తుందో చెప్పగలిగి ఉండాలి. పద్దెనిమిదేళ్లు మూతపడని షీటుకు ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ జవాబు లేదు.

చట్టం సంగతికి తిరిగి వస్తాను. ఖరక్ సింగ్ కేసులోని ఆ వాక్యం చాలాకాలం నిలిచినా, కోర్టులు దాని పట్టును క్రమంగా సడలిస్తూ వచ్చాయి. పంజాబుకు చెందిన మలక్ సింగ్ కేసులో 1980 డిసెంబరులో తీర్పు రాసినవారు కూడా తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. నేరాలను అరికట్టడానికి నిఘా ఉండవచ్చు గాని, ఆ మనిషి అలవాటుపడిన నేరస్తుడని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలనీ, నిఘా అతడి గౌరవాన్ని గాయపరచేంతగా చొచ్చుకుపోరాదనీ ఆయన పేర్కొన్నారు. మన హైదరాబాదు నుంచి వెళ్లిన మరో కేసు ఉంది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవడానికి అంటూ, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులలో, ప్రైవేటు వ్యక్తుల వద్ద ఉన్న పత్రాలను తనిఖీ చేయవచ్చని ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ తెచ్చింది. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు దానిని నిలువనీయలేదు. పత్రం బ్యాంకులో ఉన్నంత మాత్రాన దాని మీద మనిషికి ఉన్న గోప్యత పోదని ఆ తీర్పు సారాంశం.

చివరకు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు, పుట్టస్వామి కేసులో, ఏకాభిప్రాయంతో గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యత హక్కు కాదన్న భాగాన్ని తొలగించారు. సుబ్బారావుగారు ఒంటరిగా, ఒక్క సహచరుడి తోడుతో రాసిన అభిప్రాయమే సరైనదని దేశం ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ గవర్నరు అయిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఆధారంగా ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతకు మించి చేయరాదు. మావర్దీ ఇచ్చిన మినహాయింపును దీని పక్కన పెట్టి చూసినప్పుడు నేను ఆశ్చర్యపోలేదని చెబితే అబద్ధమవుతుంది.

మా వెల్డింగు భాయికి అన్నిటికన్నా దగ్గరి తీర్పు ఇటీవలిదే. ఢిల్లీ శాసనసభ్యుడొకరి పేరుతో తెరచిన హిస్టరీ షీటులో ఆయన మైనర్ పిల్లల వివరాలు కూడా ఎక్కించారు. ఆ కేసులో 2024 మే 7న సుప్రీంకోర్టు, ఆధారం లేకుండా పిల్లల పేర్లు అట్టి పత్రాలలో ఉండరాదన్న కొత్త నియమాన్ని ఢిల్లీ పోలీసులు పాటించి తీరాలని చెప్పింది. అంతటితో ఆగక, అణగారిన వర్గాలకు చెందిన అమాయకుల పేర్లు యాంత్రికంగా ఈ షీట్లలోకి ఎక్కుతున్నాయన్న విషయాన్ని పట్టించుకొని, అన్ని రాష్ట్రాలూ తమ విధానాలను పునఃపరిశీలించుకోవాలని ఆదేశించింది.

తనిఖీ విషయంలోనూ ప్రతి ఇంటికీ తెలిసి ఉండవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, దర్యాప్తు అధికారి వారంటు లేకుండా ఇల్లు సోదా చేయవలసి వస్తే, ఎందుకు చేస్తున్నదీ, దేని కోసం వెదుకుతున్నదీ ముందుగా కాగితం మీద రాయాలి. ఆ కాగితం మేజిస్ట్రేటుకు చేరాలి. ఇంటివారు దరఖాస్తు చేసుకుంటే దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. సోదాకు ఆ ప్రాంతంలోని ఇద్దరు స్వతంత్ర సాక్షులు ఉండాలి, దృశ్యం వీడియోలో నమోదు కావాలి. నిందితుణ్ణి పట్టుకోవడానికి వచ్చినప్పుడు పరదా పాటించే స్త్రీ గదిలో ఉంటే, ఆమెకు ముందుగా తెలిపి, బయటికి వెళ్లే వీలు కల్పించాలి. ఇవి అడగడం ధిక్కారం కాదు. గొంతు పెంచకుండా, చేతులు అడ్డుపెట్టకుండా అడగవచ్చు. వచ్చినవారి పేరు, హోదా, వచ్చిన సమయం రాసి పెట్టుకోవచ్చు. మన ఇళ్లలో ఈ పని స్త్రీలకు నేర్పితే మంచిది. రాత్రి తలుపు కొట్టినప్పుడు మగవాణ్ణి బయటికి పిలిస్తే లోపల మిగిలేది వారే.

న్యాయవాది సలహాతో ఆ తండ్రి ఈ రంజాన్‌కు ముందు ఒక దరఖాస్తు రాశాడు. తన మీద ఏ కేసూ లేదనీ, ఎన్నడూ శిక్ష పడలేదనీ, షీటును మూసివేయమనీ జిల్లా పోలీసు అధికారికి. తెలుగులో నేనే రాసిపెట్టాను. సంతకం పెట్టేటప్పుడు ఆయన చేయి వణికింది. “ఇది ఇస్తే ఇంకా ఎక్కువగా వస్తారేమో, హజ్రత్!” అన్నాడు. రావచ్చునని ఒప్పుకున్నాను. కాసేపు కాగితం వైపు చూసి, “పిల్లవాడు ఇక్కడే ఉంటాడు కదా” అని సంతకం పెట్టాడు. రసీదు వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. మధ్యలో ఒకసారి తలుపు చప్పుడయిందట. ఆ రోజు ఆయన భార్య వచ్చినవారి పేర్లు అడిగిందట. ఒకాయన చెప్పాడట, ఇంకొకాయన చెప్పలేదట. ఇద్దరూ గడప మాత్రం దాటలేదట.

మదరసాలో ఫజ్ర్‌కు పిల్లలను లేపడం నా పని. ఇన్నేళ్లూ చేతికర్రతో తలుపు మీద నాలుగు దెబ్బలు కొట్టి లేపేవాణ్ణి. ఇప్పుడు కర్ర గదిలోనే వదిలి వెళతాను. తలుపు బయట నిలబడి సలాము చెబుతాను, కొంచెం ఆగి మళ్లీ చెబుతాను. చాలామంది పిల్లలు మొదటి సలాముకు లేవరు, రెండవదానికీ లేవరు, ఈ పద్ధతి వల్ల జమాఅత్‌కు ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమవుతోందని మా ముఅజ్జిన్ సణుగుతున్నాడు. మొన్న గురువారం మూడవ సలాముకు లోపలి నుంచి జవాబు వచ్చింది. అది ఆ పదకొండేళ్లవాడి గొంతు. నిద్రమత్తులో ఉంది. తలుపు తీసినప్పుడు చొక్కా భుజం మీద ఉంది, ఇంకా తొడుక్కోలేదు.